ట్రంపెట్, ట్రాంబోన్ రెండూ వాయిస్తే లిప్ పాడవుతుందా?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. పర్లాకిమిడిలో మీ మామయ్యగారి బ్యాండు మేళంలో చాలా కాలంగా ట్రంపెట్ వాయిస్తున్నావు. ట్రాంబోన్ వాయించే అతను పనికోసం సూరత్ వెళ్ళిపోయాడు. ఈ పెళ్ళిళ్ళ సీజన్‌లో మామయ్య ట్రాంబోన్ కూడా నీ చేతికే ఇచ్చారు. ఒకే ఊరేగింపులో రెండూ మార్చి మార్చి వాయించావు. ఇప్పుడు ట్రంపెట్ మీద పై జి (పై స్థాయిలో జి అనే స్వరం) రావడం లేదు, పెదవి మొద్దుబారినట్టు ఉంటోంది. లిప్ పోయిందేమో, ట్రాంబోన్ మానేయాలేమో అని నీ టెన్షన్.

నేను రాయగడ వైపు వాణ్ణి. మేళంలోనూ చర్చిలోనూ ఈ రెండూ వాయిస్తూ వయసైపోయింది, పిల్లలకు నేర్పుతున్నాను కూడా. నువ్వు రాసినదాన్ని బట్టి నీ లిప్ పోలేదు, అలిసిపోయింది. ట్రాంబోన్ మానక్కర్లేదు. కానీ వాయించే వరుస మార్చాలి, ఇప్పుడు ఉన్నట్టు వదిలేస్తే నిజంగానే దెబ్బ తింటుంది.

అసలు ఏం జరుగుతోందో ముందు చెబుతాను. ట్రంపెట్ మౌత్‌పీస్ లోపలి వ్యాసం 16, 17 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ట్రాంబోన్‌ది 25 దగ్గర. చూడ్డానికి తేడా ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లే. కానీ మౌత్‌పీస్ అంచు రింగు లోపల అదిరే పెదవి వైశాల్యం రెండింతలు దాటిపోతుంది. ట్రంపెట్ మీద నువ్వు పై జి వాయించినప్పుడు పెదవి సెకనుకు సుమారు 698 సార్లు అదరాలి. ట్రాంబోన్‌లో గొట్టం పొడవు దాదాపు రెట్టింపు, ఒక స్థాయి కింద పలుకుతుంది కాబట్టి అదే స్వరానికి 349 సార్లు అదిరితే చాలు. అంటే ఒకచోట చిన్న పెదవి ముక్క వేగంగా అదరాలి, ఇంకోచోట పెద్ద ముక్క నిదానంగా, వదులుగా అదరాలి. గాలి కూడా అంతే. ట్రంపెట్‌కి తక్కువ గాలి, ఎక్కువ ఒత్తిడి. ట్రాంబోన్‌కి ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడి.

ఇప్పుడు ఊరేగింపు సంగతి చూడు. ట్రాంబోన్ మీద నాలుగైదు పాటలు గట్టిగా వాయించాక పెదవి మధ్యభాగం వదులై, కొంచెం ఉబ్బి ఉంటుంది. వెంటనే మాస్టర్ ట్రంపెట్ పాట అంటారు. నువ్వు ట్రంపెట్ ఎత్తుతావు, పై స్వరం పలకదు. ఎదురుగా పెళ్ళికొడుకు స్నేహితులు డ్యాన్స్ చేస్తున్నారు, ఆగడానికి లేదు. అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? ట్రంపెట్‌ని పెదవికేసి అదుముతారు. అలా అదిమితే స్వరం వస్తుంది కూడా. కానీ రింగు కింద కండరం నలుగుతుంది, రక్తం ఆడదు, మొద్దుబారుతుంది. మర్నాడు ఇంకొంచెం ఎక్కువ అదమాలి. లిప్ పాడవడం అంటే ఇదే. అందుకు ట్రాంబోన్ కారణం కాదు, వాయిద్యం మారడం కూడా కారణం కాదు. వదులుగా ఉన్న పెదవితో పై స్వరాన్ని బలవంతంగా లాగడమే కారణం.

చాలామంది చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. రెండింటికీ సరిపోయేలా ఒక మధ్యరకం పట్టు, అంటే పెదవులు బిగించే తీరు, తయారు చేసుకోవాలని చూస్తారు. ట్రంపెట్‌కి మూతి కొంచెం వదులు చేస్తారు, ట్రాంబోన్‌కి కొంచెం బిగిస్తారు. చివరికి రెండూ చెడతాయి. ట్రాంబోన్ పీలగా మోగుతుంది, ట్రంపెట్ కింద స్వరానికి జారిపోతూ ఉంటుంది. మన సరిహద్దు ఊళ్ళలో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడతాం. రెండూ కలిపి మధ్యలో ఒక భాష తయారు చేసుకోలేదు కదా, ఎవరితో మాట్లాడుతుంటే ఆ భాష పూర్తిగా మాట్లాడతాం. లిప్ కూడా అలాగే. రెండు పట్లు విడివిడిగా ఉండాలి, ఒకదాన్నుంచి ఇంకోదానికి పూర్తిగా మారాలి.

ఇది మనిషికి సాధ్యమేనా అంటే సాధ్యమే. ఆస్ట్రేలియా కళాకారుడు జేమ్స్ మారిసన్ ఒకే కచేరీలో ట్రంపెట్, ట్రాంబోన్ రెండూ వాయిస్తాడు, రెండూ అగ్రశ్రేణిగానే వాయిస్తాడు. ట్రంపెట్ మీద అతి పై స్వరాలకు ప్రపంచమంతా పేరు పడ్డ మేనార్డ్ ఫెర్గూసన్ వాల్వ్ ట్రాంబోన్ (జరిపే స్లైడు బదులు ట్రంపెట్‌లా నొక్కే వాల్వులుండే రకం) కూడా వాయించేవాడు. ట్రాంబోన్ ముట్టుకుంటే ట్రంపెట్ పై స్వరాలు పోతాయనేదే నిజమైతే ముందు ఆయనకే పోవాలి.

మరి ఊరేగింపులో ఏం చేయాలి? ట్రంపెట్ పాటలు, అందులోనూ పై స్వరాలు ఎక్కువున్నవి ముందు పెట్టించుకో. విడిది దగ్గర బయలుదేరేటప్పుడు పెదవి తాజాగా ఉంటుంది, అక్కడే అవి అయిపోవాలి. తర్వాత ట్రాంబోన్‌కి మారు. ట్రంపెట్ నుంచి ట్రాంబోన్‌కి దిగడం పెద్ద కష్టం కాదు, రెండు దీర్ఘస్వరాలు మెల్లగా ఊదితే పెదవి సర్దుకుంటుంది. పైగా బిగుసుకున్న కండరానికి అది సడలింపు కూడా. కష్టమంతా తిరుగు ప్రయాణంలోనే. మళ్ళీ ట్రంపెట్ పట్టుకోక తప్పకపోతే మధ్యలో ఒక పాటకి నువ్వు వాయించకూడదు. క్లారినెట్, డ్రమ్ములు నడిపే పాట ఒకటి ప్రతి మేళంలోనూ ఉంటుంది, దాన్ని అక్కడ వేయమను. ఆ సమయంలో మంచినీళ్ళు తాగు, పెదవులు మూసుకుని గుర్రం ఫుర్రుమన్నట్టు వదులుగా గాలి వదులు. తర్వాత ట్రంపెట్ మౌత్‌పీస్ ఒక్కటే పెదవికి ఆనించి మధ్యస్థాయిలో మెల్లగా ఊదు, గొంతుతో పాడగలిగే స్వరమే చాలు. తిరిగి పట్టిన మొదటి ట్రంపెట్ పాట కింది స్థాయిలోనే నడిచేదై ఉండాలి. పై జి ఉన్న పాట ఆ తర్వాతే.

మామయ్యగారికి ఇది ఎలా చెప్పాలా అని నువ్వు సందేహిస్తావని తెలుసు. మాస్టర్‌తో పాటల వరుస గురించి మాట్లాడటం మన మేళాల్లో అలవాటు లేదు. పెళ్ళి మధ్యలో చెప్పకు, పెళ్ళివారి ముందు అసలు చెప్పకు. ఖాళీగా ఉన్న రోజున, "మామయ్యా, ట్రంపెట్ పాటలు ముందు పెడితే గట్టిగా పలికిస్తాను, అర్ధరాత్రి అయితే సౌండు రావట్లేదు" అని చెప్పు. సౌండు సంగతి చెబితే ఏ మాస్టరైనా వింటాడు. ఆయన కూడా ఊదినవాడే, అర్ధరాత్రి పెదవి ఎలా ఉంటుందో ఆయనకి తెలియనిది కాదు.

ఇక సాధన. ఈ సీజన్ అయ్యాక రెండు నెలలు రెండు వాయిద్యాల్నీ వేర్వేరు పూటల్లో పట్టుకో. పొద్దున ట్రంపెట్, సాయంత్రం ట్రాంబోన్. పొద్దున మొదటి పది నిమిషాలూ మెల్లగా, కింది స్థాయిలో, ఒక్కో స్వరం ఎనిమిది లెక్కలు. తర్వాత వాల్వులు కదపకుండా పెదవితోనే సి నుంచి జి, జి నుంచి పై సి, మళ్ళీ కిందికి జారుతూ రావడం. ట్రాంబోన్ మీద కూడా ఇదే చేయి, స్లైడు కదపకుండా. ఎంత వాయించావో అంత విశ్రాంతి ఇవ్వాలి, ఐదు నిమిషాలు ఊదితే ఐదు నిమిషాలు వాయిద్యం ఒళ్ళో పెట్టుకోవాలి. రెండు నెలలయ్యాక పూటల మధ్య దూరం తగ్గించు. అరగంట, తర్వాత పది నిమిషాలు, తర్వాత ఒక పాట. మారిన ప్రతిసారీ మొదటి స్వరం ఎలా పలికిందో చెవి పెట్టి విను. మొదటి స్వరం శుభ్రంగా, గాలి చప్పుడు లేకుండా వస్తే మారడం కుదిరినట్టు. ట్రంపెట్ మొదటి స్వరం కిందికి వేలాడుతూ వస్తే ఇంకా ట్రాంబోన్ మూతితోనే ఉన్నావన్నమాట. అప్పుడు పైకి ఎక్కకు, అక్కడే ఉండి సరిచేసుకో.

మౌత్‌పీస్ ఎక్కడ పెడుతున్నావో ఒకసారి అద్దంలోనో ఫోన్ కెమెరాలోనో చూసుకో. నువ్వు ఇది రాయలేదు గానీ నా అనుమానం ఇక్కడే ఉంది. ట్రాంబోన్ రింగు పెద్దది కాబట్టి పై అంచు ముక్కు కిందిదాకా వెళ్తుంది, చాలామందికి పై పెదవి ఎక్కువ, కింది పెదవి తక్కువ లోపలికి వస్తుంది. ఆ అలవాటు మీద ట్రంపెట్ పెట్టినప్పుడు కొందరు దాన్ని కొంచెం కిందికి, పై పెదవి ఎర్రటి భాగం మీద ఆనిస్తారు. అక్కడ చర్మం పలచన. పట్టి ఉంచే కండరం ఆ ఎరుపు గీతకి పైన ఉంటుంది. రింగు పై అంచు ఆ గీత దాటి తెల్ల చర్మం మీద కూర్చోవాలి. ట్రంపెట్ తీశాక పెదవి మీద పడ్డ గుండ్రటి అచ్చు చూస్తే నీకే తెలిసిపోతుంది. ఆ అచ్చు కాసేపట్లో పోతే సరే. అరగంట దాటినా ఎర్రగా, కమిలినట్టు ఉంటే ఎక్కువ అదుముతున్నావు.

అదమడం తగ్గించడానికి రెండు పనులు చెబుతాను. ట్రంపెట్‌కి కుడి చిటికెన వేలు పెట్టుకునే కొక్కెం ఉంది కదా, సాధనలో ఆ వేలు అందులోంచి తీసి పైన వదిలెయ్. అందులో వేలు ఉన్నంతసేపూ మనకి తెలియకుండానే వాయిద్యాన్ని ముఖంలోకి లాక్కుంటాం. రెండోది, కష్టంగా వచ్చే స్వరం దగ్గర వాయిద్యం దగ్గరికి రాకూడదు, గాలి వేగం పెరగాలి. నోట్లో నాలుక 'ఈ' అనేటట్టు పైకి లేస్తే గాలి వేగం పెరుగుతుంది. ట్రాంబోన్‌కి మాత్రం 'ఓ' అన్నట్టు లోపల ఖాళీగా ఉండాలి. పెదవి మూలలు రెండింటికీ గట్టిగానే ఉండాలి, మారేదల్లా మధ్యభాగం, గాలి. నవ్వినట్టు మూలలు చెవులవైపు లాగితే పెదవి పలచబడి తొందరగా చిట్లుతుంది.

ట్రాంబోన్ బరువంతా ఎడమచేతి మీదే ఉండాలి. కుడిచేయి స్లైడుకోసం మాత్రమే, రెండు వేళ్ళు, బొటనవేలు చాలు. ఊరేగింపులో గంట నడిచాక ఎడమ మణికట్టు నొప్పెట్టి వాయిద్యం ముందుకు వాలిపోతుంది, అప్పుడు రింగు కింది పెదవిని కిందికి ఈడుస్తుంది. కుర్రాళ్ళలో నేను ఎక్కువగా చూసేది ఇదే, వాళ్ళకి మాత్రం పెదవి నొప్పిగానే తెలుస్తుంది. కూడళ్ళ దగ్గర మేళం ఆగినప్పుడు ట్రాంబోన్ దించి చేయి విదిలించుకో. గుంతల రోడ్డు మీద నడుస్తూ పై స్వరాలు వాయించకు, ట్రంపెట్ అయితే మరీను. ఒక్క కుదుపు చాలు, రింగు పళ్ళకీ పెదవికీ మధ్య గుచ్చుకుంటుంది.

మౌత్‌పీస్ గురించి అడిగావు. ట్రంపెట్‌కి నువ్వు వాడే 7సీ సైజు మార్చకు, రెండు పనుల్లో ఒకటి కుదురుగా ఉండాలి. ట్రాంబోన్‌కి 12సీ గానీ ఆరున్నర ఏఎల్ గానీ సరిపోతాయి. మౌత్‌పీస్‌లో వాయిద్యం లోపలికి దూరే కాడని షాంక్ అంటారు, పెద్ద షాంక్, చిన్న షాంక్ అని రెండు రకాలుంటాయి, మన మేళాల్లో వాడే సన్నటి బోరు (గొట్టం లోపలి వెడల్పు తక్కువ) ట్రాంబోన్‌కి చిన్న షాంకే కూర్చుంటుంది. మీరట్‌లో తయారైన వాయిద్యాలే మన దగ్గర ఎక్కువ, వాటిలో గొట్టం మూతి కొలత ఒకదానికీ ఇంకోదానికీ కొంచెం తేడా ఉంటుంది. వాయిద్యం తీసుకెళ్ళి పెట్టి చూసుకునే కొను. ఊగితే స్వరం నిలవదు, నిలవకపోతే మళ్ళీ పెదవి మీదే భారం పడుతుంది. ట్రంపెట్ రింగు లాంటి చిన్న రింగుతో ట్రాంబోన్ వాయిస్తే మారే బాధ ఉండదని ఎవరైనా చెబితే వినకు. సౌండు పోతుంది, ట్రాంబోన్ పెట్టుకున్న ప్రయోజనమే ఉండదు. స్లైడు బదులు వాల్వ్ ట్రాంబోన్ తీసుకుంటే లిప్‌కి తేలిక అనుకోవద్దు, అది వేళ్ళకి మాత్రమే తేలిక, మౌత్‌పీస్ అదే కదా. సింఫనీ ఆర్కెస్ట్రాల్లో బాస్ ట్రంపెట్ అని ఒకటి ఉంటుంది, పేరులో ట్రంపెట్ ఉన్నా దాన్ని మామూలుగా ట్రాంబోన్ కళాకారులే వాయిస్తారు, మౌత్‌పీస్ కొలత ట్రాంబోన్‌ది కాబట్టి.

స్లైడు పొజిషన్లు, అంటే స్లైడుని ఆపాల్సిన చోట్లు, నేర్చుకోవడం నువ్వు భయపడుతున్నంత కష్టం కాదు. ట్రంపెట్ నోటేషన్‌నే ట్రాంబోన్‌కి పెట్టుకో, ఒక స్థాయి కింద పలుకుతుంది, అంతే. బ్రిటిష్ బ్రాస్ బ్యాండుల్లో టెనర్ ట్రాంబోన్‌కి అలాగే రాస్తారు. వాల్వులేమీ నొక్కకపోతే ఒకటో పొజిషన్. రెండో వాల్వు అయితే రెండో పొజిషన్, ఒకటో వాల్వు అయితే మూడు, ఒకటీ రెండూ కలిపితే నాలుగు, రెండూ మూడూ అయితే ఐదు, ఒకటీ మూడూ అయితే ఆరు, మూడూ నొక్కితే ఏడు. మూడో పొజిషన్ బెల్లు (ముందు విచ్చుకున్న గరాటు) అంచుకి కొంచెం ఇవతల, నాలుగు కొంచెం అవతల ఉంటాయి. మిగతాది చెవే చెబుతుంది. ఇది రాయడానికి కారణం ఉంది. పొజిషన్ తప్పి స్వరం అటూ ఇటూ అయినప్పుడు కొత్తవాళ్ళు స్లైడు కదపకుండా పెదవితో స్వరాన్ని లాగి సరిచేస్తారు. ఆ అలవాటుతోనే ట్రంపెట్ మీద పట్టు చెదిరిపోతుంది. స్వరం తప్పితే చేతితో సరిచేయి.

స్లైడు జారకపోయినా ఇదే తంటా, చేయి గుంజితే మౌత్‌పీస్ మూతి మీద కదులుతుంది. కొందరు కొబ్బరినూనె రాస్తారు. చలికాలంలో సిమిలిగుడ, కొరాపుట్ వైపు పెళ్ళికి వెళ్తే రాత్రికి అది గడ్డకట్టి స్లైడు బిగుసుకుపోతుంది. స్లైడ్ ఆయిలే తెప్పించుకో, ఒక సీసా చాలాకాలం వస్తుంది. ఆ చలిలో మౌత్‌పీస్‌ని జేబులో పెట్టుకుని వెచ్చగా ఉంచు.

ఇంకో మాట, అన్నగా చెబుతున్నాను. రాత్రి మేలుకోవడానికి మేళాల్లో ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీ నములుతారు. నువ్వు నములుతావో లేదో నాకు తెలియదు. వక్క, గుట్కా నమిలితే బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గిపోయే జబ్బు వస్తుంది. అది క్యాన్సర్‌గా కూడా మారవచ్చు. బుగ్గ సాగకపోతే ట్రాంబోన్‌కి గాలి చాలదు, ట్రంపెట్‌కి మూలలు నిలవవు. మంచి వాయిద్యగాళ్ళు దీనివల్లే ఊదడం మానుకోవడం నేను చూశాను. అలాగే ఒకరి మౌత్‌పీస్ ఇంకొకరు వాడొద్దు. పెదవి మీద నీటిపొక్కులు లేచే వైరస్ అలా సులువుగా అంటుకుంటుంది, ఒకసారి వచ్చిందంటే మళ్ళీ మళ్ళీ లేస్తుంది. నీది నువ్వు రోజూ సబ్బునీళ్ళతో కడుక్కో.

ఎప్పుడు నిజంగా భయపడాలో కూడా చెప్పాలి. పెదవిలో ఒకే చోట సూదిలా పొడిచినట్టు నొప్పి, వాయించేటప్పుడు ఒక మూల నుంచి గాలి కారిపోవడం, విశ్రాంతి తీసుకున్నా మధ్యస్థాయి స్వరాలు కూడా వణకడం, వీటిలో ఏది కనిపించినా వాయించడం ఆపేయి. పెదవి చుట్టూ ఉండే కండరం చిరిగిపోవడం ఇత్తడి వాయిద్యాల వాళ్ళకి జరిగేదే. జాజ్ ట్రంపెట్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు 1930ల్లో పెదవి దెబ్బతిని కొంతకాలం వాయించడం మానాల్సి వచ్చింది. ఆయన ముద్దుపేరు మీదే ఆ జబ్బుని సాచ్‌మో సిండ్రోమ్ అంటారు. అలాంటిదనిపిస్తే నాటుమందులు పూసుకుంటూ కూర్చోకు. బరంపురం మెడికల్ కాలేజీకో విశాఖపట్నానికో వెళ్ళు, డాక్టరుగారికి ముందే ఊదే వాయిద్యం వాయిస్తానని చెప్పు. చెప్పకపోతే మామూలు పెదవి పుండుగా చూసి పంపేస్తారు.

నీకు ఇప్పుడు ఉన్నది మొద్దుబారడం, పై జి రాకపోవడం మాత్రమే. మధ్యస్థాయి బాగానే పలుకుతోందని నువ్వే రాశావు. కాబట్టి వచ్చే పది రోజులు పై స్వరాల జోలికి వెళ్ళకు. మొదటి మూడు రోజులు ఏ వాయిద్యమూ ముట్టుకోకు. నాలుగో రోజు నుంచి రోజుకి పది, పదిహేను నిమిషాలు ట్రంపెట్ మీద కింది స్థాయి దీర్ఘస్వరాలు, చిటికెన వేలు కొక్కెం బయట పెట్టి. ట్రాంబోన్ ఆ పది రోజులూ వద్దు. పాతపట్నం పెళ్ళి ఒప్పుకున్నానని రాశావు కదా, అది ఈలోపే ఉంటే మామయ్యకి చెప్పి ఆ రోజు సైడ్ డ్రమ్మో, తాళాలో తీసుకో. పదకొండో రోజున ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి వెళ్ళి చూడు. జి మెల్లగా, చిన్న సౌండుతో వచ్చినా చాలు, వచ్చినట్టే. రాకపోతే పెదవి మీది అచ్చు ఫోటో, పక్కనుంచి ట్రంపెట్ పట్టుకున్న వీడియో ఒకటి తీసి ఇక్కడే పెట్టు, రింగు ఎక్కడ కూర్చుంటోందో చూసి చెబుతాను.